గీత ఆరేదాకా

చెట్ల విభాగం ఆఫీసు
సోమవారం మధ్యాహ్నం

వదినగారికి,

"గారు" చూసి ఉలిక్కిపడకండి. ఇవాళ్టి నుంచి మీరు నాకు వదినగారే. ఫోన్ చేద్దామంటే ముందు అన్నయ్య ఎత్తుతాడు, తర్వాత మీరు ఏడుస్తారు, ఈలోపు నా కోపం కాస్తా చల్లారుతుంది. చల్లారనివ్వదలుచుకోలేదు. అందుకే ఉత్తరం.

పొద్దున మా టైపిస్టు నా బల్ల మీద బిస్కెట్ ప్యాకెట్ పెట్టింది. పన్నెండేళ్లలో ఆవిడ నాకు గుండుసూది ఇచ్చిన పాపాన పోలేదు. ఏంటమ్మా ఇది అంటే, "ఏం లేదండీ, ఊరికే. మీరు ఒక్కరే ఉంటారు కదా" అంది. పైగా కళ్లలో నీళ్లు! వెనకాల గుమాస్తా, ఆయన వెనకాల డ్రైవరు. అందరూ నన్ను పరామర్శకి వచ్చినట్టు చూస్తున్నారు. ఏంటి సంగతని ఆరా తీస్తే తేలిందేంటయ్యా అంటే, ఆవిడ కూతురు తొమ్మిదో తరగతి. వాళ్ల పుస్తకంలో నా కవిత ఉంది. కవిత కింద మీరు రాసిన వివరణ ఉంది. ఆ పుస్తకం ఆఫీసంతా చేతులు మారింది.

మీ స్కూలు పుస్తకాల కమిటీ నా కవిత తీసుకుందని మీరు చెప్పిన రోజు ఎగిరి గంతేశాను. దానికి వివరణ రాసేది మీరేనని మాత్రం చెప్పలేదు. అసలు కవిత మీకు గుర్తుందో లేదో, మళ్లీ రాస్తున్నాను. తీరిగ్గా చదువుకోండి.

వానకి తడిసి నల్లబడ్డ మాను.
చెయ్యి ఆనిస్తే చల్లగా ఉంది.
తట్టాను.
లోపల ఎవరో ఉన్నట్టు
గట్టిగా పలికింది.
గుల్ల అన్నాను.
నడుము చుట్టూ ఎర్ర గీత.
కొమ్మల్లో పిట్టలు వాటి గొడవలో అవి.
ఈ ఏడు పువ్వెందుకు రాలేదని
దారిన పోయేవాళ్లెవరూ అడగలేదు.
గీత ఆరేదాకా
పక్కనే నిలబడ్డాను.

ఇందులో ఏడుపు ఎక్కడుంది? మీరేం రాశారో చూడండి. "పూయని చెట్టు తోడులేని స్త్రీకి ప్రతీక. గుల్ల అన్న మాట ఆమె హృదయంలోని శూన్యాన్ని సూచిస్తుంది. ఎర్ర గీత లోకం ఆమె చుట్టూ గీసిన హద్దు. పిట్టలు పరుల పిల్లలు. కవయిత్రి అవివాహిత అని తెలిస్తే ఈ కవిత లోతు మరింత బాగా అర్థమవుతుంది."

ఆ ఆఖరి ముక్క రాయడానికి మీకు చెయ్యెలా వచ్చింది? ఎన్ని ఊళ్ల పిల్లలు బట్టీ పడుతున్నారో తెలుసా? ఎవరో ఒకమ్మ పెళ్లి కాక ఏడుస్తోందని పరీక్షలో రాస్తే ఐదు మార్కులట! నేను ఏడవడం లేదు వదినగారూ. నాకు ఇల్లుంది, ఉద్యోగం ఉంది, ఆదివారం పది దాకా పడుకునే హక్కు ఉంది. పుస్తకం మళ్లీ అచ్చుకి వెళ్లేలోపు ఆ వివరణ మొత్తం తీసేయించండి. లేదంటే మీ గడప తొక్కను.

మీ ఆడపడుచు


ఇల్లు, వంటగది బల్ల
ఆదివారం

అమ్మడూ,

నీ ఉత్తరం చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. అవి తుడుచుకుని రాస్తున్నాను. నువ్వు అరిచేశావు, ఇక నా వంతు.

నేను పాతికేళ్లుగా పిల్లలకి పాఠాలు చెబుతున్నదాన్ని. కవిత అచ్చయ్యాక రాసినవాళ్ల సొంతం కాదు, చదివినవాళ్లది. సముద్రం గురించి రాసినాయన సముద్రం గురించే రాశాడని ఊరుకుంటే మాకు జీతాలెందుకు? చెట్టంటే చెట్టేనట! అంతమాత్రానికి కవితెందుకు తల్లీ, మీ ఆఫీసు రిజిస్టరులో రాసుకుంటే పోయేది కదా. "మాను బాగా తడిసినది, పువ్వు లేదు" అని రాసి సంతకం పెట్టుకోకపోయావా?

నువ్వు నీ గురించి రాసుకోలేదంటే నేను నమ్మను. చెట్టు గురించే అయితే "పక్కనే నిలబడ్డాను" అని ఎందుకంటావు? పిల్లలకి ఈ కవిత చెప్పిన రోజు క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినపడేది. వెనక బెంచీ రౌడీలు కూడా నోరు మూసుకున్నారు. దాని విలువ నీకు తెలియదు.

అవివాహిత అన్నది తిట్టా? ఉన్నమాటేగా. మా తమ్ముణ్ణి చేసుకోమని పదకొండేళ్ల కిందట నీ కాళ్లావేళ్లా పడ్డాను. కుదరదని రెండు ముక్కల్లో తేల్చేశావు. అప్పుడు నేను నిన్ను పల్లెత్తు మాట అన్నానా? ఇప్పుడు నాలుగు వాక్యాలు రాస్తే గడప తొక్కవా? తొక్కకు. మీ అన్నయ్య ఉత్తరం చదివి, "మీ ఇద్దరి మధ్యకి నన్ను లాగొద్దు" అని కొట్టుకెళ్లి ఇప్పటిదాకా రాలేదు. ఆయన తెలివే తెలివి.

వివరణ తీసేది లేదు.

వదిన


చెట్ల విభాగం ఆఫీసు
బుధవారం

వదినగారికి,

రిజిస్టరులో రాసుకోమన్నారు. భలే చెప్పారు! నేను చేసే పనేంటో పాతికేళ్ల పాఠాల్లో మీకెవరూ చెప్పినట్టు లేదు. ఇవాళ నేను చెబుతాను, నోటుబుక్కు తెచ్చుకోండి.

నేను ఊళ్లో రోడ్ల పక్క చెట్లని తనిఖీ చేస్తాను. నా సంచిలో చెక్క సుత్తి ఉంటుంది. దాంతో మానుని తడతాను. జీవితం తలుపు తట్టడం కాదు వదినగారూ, సుత్తితో చెట్టుని తట్టడం! లోపల పుచ్చిపోతే డప్పులా డొల్లగా పలుకుతుంది. దాన్ని మేం గుల్ల అంటాం. చెట్టు బాగుంటే గట్టిగా పలుకుతుంది. నా హృదయానికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు.

గుల్లదైతే గాలివానకి మనుషుల మీద పడుతుంది. అందుకని దాని నడుము చుట్టూ ఎర్ర రంగుతో గీత గీస్తాం. కొట్టెయ్యమని కొట్టేవాళ్లకి గుర్తు. లోకం గీసిన హద్దట, హద్దు! ఆ గీత గీసేది మూడంగుళాల బ్రష్షు. రంగు డబ్బా మా స్టోరులో ఇస్తారు, పుచ్చుకున్నట్టు సంతకం పెట్టాలి.

ఇక పిట్టలు. పిట్టలంటే పిట్టలు. నా తల మీద రెట్ట వేశాయి కాబట్టి బాగా గుర్తు.

మీ తమ్ముడి సంగతి మీరే ఎత్తారు కనక చెబుతున్నాను. ఆయన మంచివాడే. నాకు వద్దనిపించింది, వద్దన్నాను. దానికి ప్రతీక కూడా ఏం లేదు.

ఇప్పుడైనా తీసేయిస్తారా?

మీ ఆడపడుచు


స్కూలు, టీచర్ల గది
శుక్రవారం

అమ్మడూ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత మండిపడ్డాను. ఆ మంటలోనే కవిత పక్కన పెట్టుకుని, నువ్వు చెప్పినట్టే, సుత్తంటే సుత్తి, గీతంటే గీత అనుకుంటూ మళ్లీ చదివాను.

చెట్టు బాగుంటే గట్టిగా పలుకుతుందన్నావు. నీ కవితలో గట్టిగానే పలికింది. మరి గుల్ల అని ఎందుకన్నావు?

గీత కొట్టెయ్యడానికి గుర్తన్నావు. రంగు ఆరేదాకా చెట్టు పక్కన నిలబడి చూసే పని ఎవరికుంటుంది, గీసినవాళ్లకి తప్ప?

నేను తప్పు చదివాను. ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు సరిగ్గా చదివాననుకుంటే నాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు. గంట కొట్టారు, క్లాసుకి వెళ్లాలి. ఇది కూడా నా పైత్యమేనని, నువ్వలా చెయ్యలేదని ఒక్క ముక్క రాయి.

వదిన


నా గది
నెల దాటింది, తేదీ వద్దు

వదినా,

నాలుగు ఉత్తరాలు రాసి చించేశాను. ఇది ఐదోది.

చేశాను.

పెద్ద బస్టాపు ఎదురుగా కొత్త భవనం కట్టారు. దాని బోర్డుకి ఈ చెట్టు అడ్డం. మా ఆఫీసరుని నువ్వు చూళ్లేదు. ఎండైనా వానైనా గొడుగు లేకుండా బయటికి రాడు, మేం గొడుగాయన అంటాం. ఆయన పిలిచి, "ఆ చెట్టు గుల్లది, ఒకసారి చూసి రాసెయ్యండి" అన్నాడు. చూడకముందే గుల్లదని ఆయనకెలా తెలుసని అడగాలా వద్దా? అడగలేదు. నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన ఇలాంటిదానికే ఎదురు చెబితే, ఏడాది తిరక్కుండా మూడు ఊళ్లు తిప్పారు. నాకు ఈ ఊరు ఇష్టం. ఈ గది ఇష్టం. మేడ మీద ఎండ ఇష్టం. అంతకంటే పెద్ద కారణం ఉంటే నీకు చెప్పుకుని కాస్త గొప్పగా ఉండేదాన్ని. లేదు.

వెళ్లాను. మూడు చోట్ల తట్టాను. ఎంత బాగా పలికిందో వదినా! ఆ ఏడు పూయలేదన్న మాటే గానీ, అంత గట్టి చెట్టు ఆ రోడ్డు మొత్తంలో లేదు. నేను రిజిస్టరు తెరిచి "లోపల గుల్ల, ప్రమాదకరం" అని రాశాను. గీత గీశాను.

ఆ రంగు తడిగా ఉన్నంతసేపూ కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే పోతుంది. గుడ్డ నా చేతిలోనే ఉంది. ఎవరైనా వచ్చి, "ఏంటమ్మా, బాగున్న చెట్టుకి గీత గీస్తున్నావు" అంటే తుడిచేద్దామని నిలబడ్డాను. బస్టాపులో ముప్పై మంది ఉన్నారు. ఒక్కరూ అడగలేదు. నాకు వాళ్ల మీద ఎంత కోపం వచ్చిందో! గుడ్డ నా చేతిలో పెట్టుకుని వాళ్ల మీద కోపం.

మర్నాడు కొట్టారు. లోపల తెల్లగా, తడిగా, ఒక్క పుచ్చు లేదు. రంపం పట్టుకున్నాయన నా వంక ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ వారమే కవిత రాశాను. చెప్పినట్టూ ఉండాలి, ఎవరికీ తెలియకూడదు. అర్థం కాకూడదనే అలా రాశాను వదినా. మరీ ఇంత అర్థం కాకుండా పోతుందనుకోలేదు.

నీ వివరణ మీద నాకెందుకంత ఒళ్లు మండిందో ఇప్పుడు తెలిసిందా? నేను చేసిన పనికి నన్ను ఓదారుస్తున్నారు. భరించలేకపోయాను.

నేను


ఇల్లు, వంటగది బల్ల
ఆదివారం

అమ్మడూ,

నువ్వు ఎదురుగా ఉంటే రెండు పీకేదాన్ని. నిజంగా. బుద్ధుందా నీకు? చిన్నప్పుడు మందారం కొమ్మ విరిచానని నన్ను రెండు రోజులు సాధించిన పిల్లవి నువ్వు! కాపురానికొచ్చిన కొత్తలో మీ ఇంట్లో నేను మొదట భయపడింది నీకే. ఆ పిల్ల ఎక్కడికి పోయింది?

తిట్టడం అయింది. ఇప్పుడు నా సంగతి వినుకో.

ఆ వివరణ నేను పిల్లల కోసం రాయలేదు. మా తమ్ముణ్ణి నువ్వు కాదన్నాక వాడు ఏడాది దిగులుపడి, ఆ తర్వాత శుభ్రంగా పెళ్లి చేసుకుని ఇద్దరు పిల్లల్ని కన్నాడు. వాడు మర్చిపోయాడు. నేనే మర్చిపోలేదు. నువ్వెప్పుడొచ్చినా నవ్వుతూ తుళ్లుతూ వస్తావు. ఈ మనిషి లోపల్లోపల ఎక్కడో ఏడుస్తూ ఉండాలి, మా వాణ్ణి కాదన్నందుకు కుమిలిపోతూ ఉండాలి అనిపించేది. నీ కవిత చేతికి రాగానే, అదుగో దొరికింది అనుకున్నాను. గట్టిగా పలికిందన్న మాట నా కళ్ల ముందే ఉంది, చదవలేదు. నాకు కావలసింది చదువుకున్నాను. పాతికేళ్లుగా పిల్లలకి "ఉన్నది చదవండి రా" అని చెబుతున్నదాన్ని. సిగ్గుగా ఉంది.

కానీ అచ్చు సంగతి చెప్పాలి. సవరణలకి ఈ నెలాఖరు దాకా గడువుంది. నువ్వు తీసెయ్యాల్సిందే అంటే తీసేయిస్తాను. కానీ తీసేస్తే ఎందుకు తీశారని కమిటీలో అడుగుతారు. సుత్తి, గీత అని నిజం రాస్తే నాలాగే ఎవడో ఒకడు కూర్చుని లెక్క కట్టుకుంటాడు. నీ ఉద్యోగం పోతుంది. అందుకని నా మాట విను. ఉన్నది ఉన్నట్టు వదిలేద్దాం. జాలి పడితే పడనీ. జాలికి ఎవరి ఉద్యోగమూ పోదు.

బాగా ఆలోచించుకుని రాయి.

వదిన


చెట్ల విభాగం ఆఫీసు
గురువారం

వదినా,

ఆలోచించాను. నీ మాటే విందామనుకున్నాను కూడా. "సరే, వదిలేద్దాం" అని రాసిన ఉత్తరం రెండు రోజులు నా సంచిలో ఉంది.

నిన్న టైపిస్టు కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పిల్లకి పరీక్షలట. నా ఎదురుగా కుర్చీ అంచున కూర్చుని, పెన్సిలు నోట్లో పెట్టుకుని, "మేడమ్, గుల్ల అంటే మీ మనసే కదండీ?" అని అడిగింది. బుద్ధిమంతురాలు. అర్థం కానిది రాయడం ఇష్టం లేదట, రాసినవాళ్లనే అడుగుదామని వచ్చింది. బస్టాపులో నేను ఎదురుచూసిన మనిషి ఇన్నాళ్లకి వచ్చి అడిగింది.

అవునమ్మా అన్నాను.

ఆ పిల్ల రాసుకుంది. థాంక్సండీ అని వెళ్లిపోయింది. నేను బాత్రూములోకి వెళ్లి తలుపేసుకుని నన్ను నేను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. గొడుగాయన రాయమన్నాడని చెట్టుని గుల్ల అన్నాను. నిన్న నన్నెవరు చెప్పమన్నారు? ఎవరూ లేరు. ఆ పిల్లకి సొంతంగా అబద్ధం చెప్పాను. ఇలా అలవాటైపోతుంది వదినా, నాకు భయమేస్తోంది.

నువ్వు రాసింది తీసేసి ఇది వెయ్యి. ఒక్క అక్షరం మార్చకు, అందంగా చెయ్యకు.

"ఈ కవితలో చెట్టు చెట్టే. దాన్ని తనిఖీ కోసం చెక్క సుత్తితో తట్టారు. గట్టిగా పలికితే చెట్టు బాగున్నట్టు. డొల్లగా పలికితే గుల్లదని అర్థం. ఎర్ర గీత చెట్టుని కొట్టెయ్యడానికి పెట్టే గుర్తు. చెట్టు బాగుందని తెలిసి కూడా గుల్లదని చెప్పి గీత గీసిన మనిషి ఈ మాటలు చెబుతోంది. ఆ మనిషి కవయిత్రే."

నీ పేరుతో వెయ్యొద్దు. నా పేరు పెట్టు.

నేను


స్కూలు, టీచర్ల గది
మూడు నెలల తర్వాత, మంగళవారం

అమ్మడూ,

పుస్తకం వచ్చింది. నలభై రెండో పేజీ. అక్షరం మార్చలేదు.

కమిటీ పెద్దాయన నన్ను నిలబెట్టి కడిగేశాడు. "ఇది వివరణా, వాంగ్మూలమా?" అన్నాడు. మొదట రాసింది తప్పని రాతపూర్వకంగా ఇమ్మన్నాడు, ఇచ్చాను. వచ్చే ఏడు కమిటీలో నేనుండను. పోనీలే, ఆ టీ తాగలేక చచ్చేవాళ్లం.

మీ అన్నయ్యకి అంతా చెప్పాను. కూర్చుని విన్నాడు. తర్వాత, "నాతో చెప్పుకోవచ్చు కదా, నేనేమన్నా పరాయివాణ్ణా" అని విసుక్కుంటూ పక్క సర్దుకుని పడుకున్నాడు.

మీ ఆఫీసుకి ఈ పుస్తకం చేరడానికి ఎన్నో రోజులు పట్టవు. నాకు ధైర్యం చెప్పడం రాదు. నీకేమన్నా అయితే ఆ గొడుగాయన గొడుగు నేనొచ్చి విరుస్తాను.

వదిన


నా గది
శనివారం

వదినా,

విచారణ అయింది. పొడుగు బల్ల, అవతల ముగ్గురు. మధ్యలో ఉన్నాయన పైనుంచి వచ్చాడు. ఆయన పక్కన ఎవరనుకున్నావు? గొడుగాయనే! నా మీద విచారణకి ఆయన్ని కూర్చోబెట్టారు. చూడగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తిడతారనుకుని వెళ్లాను. తిట్టలేదు. మంచినీళ్లిచ్చారు. మధ్యలో ఉన్నాయన రెండు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఒకటి కొత్తది, ఇంకోటి పాతది. పాతదాంట్లో నువ్వు రాసిన వివరణ కింద పెన్సిలుతో గీతలు గీసుకొచ్చాడు. "ఇదుగోనమ్మా, మీ వదినగారే రాశారు. టీచరుగారు కూడాను. చెట్టంటే చెట్టు కాదు, తోడులేని స్త్రీ మనోవేదన. ఎంత బాగా రాశారు! కవిత్వంలో ఇవన్నీ మామూలే, కల్పన. ఆ మాటే ఒక కాగితం మీద రాసివ్వండి. ఫైలు మూసేద్దాం. మీ ఉద్యోగం మీకుంటుంది" అన్నాడు. పెన్ను మూత తీసి మరీ చేతికిచ్చాడు.

నీ వాక్యాలు చదువుతుంటే, నిజం చెప్పనా, నాకే నమ్మబుద్ధేసింది. ఎంత సుఖంగా ఉంటుందో! పెళ్లి కాలేదు, ఏడుస్తోంది, పాపం. ఒక్క సంతకంతో నేను ఏ చెట్టునీ చంపని మనిషినైపోతాను.

గొడుగాయన నావంక చూసి నవ్వాడు. ధైర్యం చెబుతున్నట్టు నవ్వాడు వదినా, మేమిద్దరం ఒకటే అన్నట్టు.

కాగితం లాక్కుని రాశాను. "చెట్టు నిజం. అది బాగుంది. గుల్ల అని రాయమన్నది ఈ బల్లకి అవతల కూర్చున్న అధికారి. రాసింది నేను. గీత గీసింది నేను." తేదీ వేసి సంతకం పెట్టాను. గొడుగాయన లేచి నిలబడి, నేను మతి లేని మనిషినని, ఒంటరితనం వల్ల ఇలా అయ్యానని, దీనికి సాక్ష్యం ఏముందని గట్టిగట్టిగా అరిచాడు. "మొద్దు ఇంకా అక్కడే ఉంది. నడిస్తే పది నిమిషాలు. రండి, చూద్దాం" అన్నాను. మధ్యలో ఉన్నాయన కాగితం ఫైల్లో పెట్టుకున్నాడు. గొడుగాయన్ని ఏం చేస్తారో తెలియదు. నన్ను మాత్రం ఆ సాయంత్రమే సస్పెండ్ చేశారు.

ఇవాళ బల్ల ఖాళీ చెయ్యడానికి వెళ్లాను. టైపిస్టు మొహం తిప్పుకుంది. డ్రైవరు నా పెట్టె మోయనన్నాడు. గుమాస్తా అయితే లేచొచ్చి, "ఇరవయ్యేళ్లు ఆ నీడలో నిలబడి బస్సెక్కాను. మీకు చేతులెలా వచ్చాయండీ?" అని అందరి ముందూ దులిపేశాడు. అవునండీ, తప్పు చేశానన్నాను. ఆయన ఇంకా తిట్టాడు.

నిలబడి విన్నాను. ఏడుపొచ్చింది, గట్టిగానే ఏడ్చాను. ఎవరూ దగ్గరికి రాలేదు. రాకపోవడమే నయమనిపించింది వదినా. ఇన్నాళ్లూ వాళ్లు జాలి పడింది ఎవరి మీదో. ఇవాళ తిట్టింది నన్ను.

వచ్చే ఆదివారం మధ్యాహ్నం బండికి బయల్దేరుతున్నాను. అన్నయ్యని స్టేషనుకి రమ్మను. పెట్టె బరువుగా ఉంది.

నీ ఆడపడుచు